పక్షాలు వద్దు, పీఓ ముద్దు

ఉద్యోగం వదిలేసి సొంతంగా కాంట్రాక్టులు చేసుకుందామని అనుకున్న రోజున మీరు చెప్పుకున్న కారణాల్లో ఇదొకటి ఉండే ఉంటుంది: "ఈ ఆఫీసు రాజకీయాలు నా వల్ల కాదు బాబూ!" అప్రైజల్ గోల ఉండదు. ప్రమోషన్ కోసం ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. పని చేశామా, బిల్లు పెట్టామా, అంతే.

మరి ఆర్నెల్లు తిరక్కుండానే ఏమైంది? మీరు రాసిచ్చిన డిజైన్ మీకు తెలియకుండానే ఏదో మీటింగులో మారిపోయింది. మిమ్మల్ని తీసుకొచ్చిన డైరెక్టరుకీ పక్క డైరెక్టరుకీ రెండేళ్లుగా మాటల్లేవని ఇప్పుడు తెలిసింది. పోయిన నెల ఇన్‌వాయిస్ ఎక్కడ ఆగిందో చెప్పే నాథుడు లేడు. రాజకీయాలు మిమ్మల్ని వదల్లేదు. ఉద్యోగంలో ఉండగా అందులో మీకో ఓటు ఉండేది, ఇప్పుడు అదీ లేదు. ఫలితాలు మాత్రం నేరుగా మీ బిల్లు మీదే పడుతున్నాయి.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కూర్చుని సొంత పేరు మీద బిల్లు పెట్టే కన్సల్టెంట్లని మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. వెండర్ ద్వారా వెళ్లేవాళ్లకీ, అమెరికాలో కాంట్రాక్టులు చేస్తున్న మనవాళ్లకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

పెళ్లింటికి వచ్చిన వంట మేస్త్రిని ఎప్పుడైనా గమనించారా? ఆడపెళ్లివారికీ మగపెళ్లివారికీ ఎక్కడ చెడిందో అందరికన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. అయినా పప్పు అందరికీ ఒక్కలాగే వండుతాడు. ఎవరు తప్పో అడిగితే "ఉప్పు సరిపోయిందా బాబూ?" అంటాడు. డబ్బు మాత్రం తనని పిలిచినాయన దగ్గరే పుచ్చుకుంటాడు, అదీ సగం అడ్వాన్సుగా. కాంట్రాక్టరుగా మీరు నిలబడాల్సింది కూడా అక్కడే.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. టీమ్ అంతా అవుటింగుకి వెళ్లింది, మిమ్మల్ని పిలవలేదు. టౌన్‌హాల్ మీటింగుకి లింకు రాలేదు. మెడలో ట్యాగు రంగు కూడా వేరు. "కావాలనే పక్కన పెడుతున్నారు" అనిపిస్తోంది కదూ? చాలాసార్లు దాని వెనక ఉన్నది మనుషులు కాదు, లాయర్లు. మైక్రోసాఫ్ట్‌లో స్వతంత్ర కాంట్రాక్టర్లుగా సంతకం చేసి ఏళ్ల తరబడి ఉద్యోగుల పక్కనే కూర్చుని అదే పని చేసినవాళ్లు 1990ల్లో కోర్టుకెక్కారు. ఉద్యోగులకిచ్చే షేర్ల పథకం తమకూ వర్తించాలన్నారు. చివరికి 2000లో కంపెనీ 9.7 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది. అమెరికా కంపెనీలకి అదొక పాఠం. కాంట్రాక్టరు ఉద్యోగిలా కనబడకూడదన్న జాగ్రత్త బ్యాడ్జి రంగు దగ్గర్నుంచి పార్టీల దాకా పాకింది. గూగుల్‌లో కాంట్రాక్టు వాళ్ల ఎర్ర బ్యాడ్జి సంగతి అక్కడ పనిచేసిన మన పిల్లలెవరైనా చెబుతారు. 2014లో మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసి, బయటి సిబ్బంది 18 నెలలు పని చేశాక ఆర్నెల్లు విరామం తీసుకోవాలని నియమం పెట్టింది. రంగు రంగుల ట్యాగులు ఇక్కడి ఆఫీసుల్లోనూ మీరు చూస్తూనే ఉన్నారు.

కాబట్టి కేకు ముక్క రాలేదని బాధపడకండి. మీ పనికి సంబంధించిన సమాచారం మీకు రావడం లేదా? అప్పుడు పట్టించుకోండి. ఈ రెండింటికీ తేడా పట్టుకున్నారంటే మీ తలనొప్పి సగం తగ్గుతుంది.

ఇక పనిలోకి దిగుదాం.

1. మీ బిల్లు నడిచే దారి గీసుకోండి

ఒక కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలకి పేర్లు రాయండి. మిమ్మల్ని కంపెనీలోకి తెచ్చింది ఎవరు? మీకిచ్చే డబ్బు ఎవరి బడ్జెట్‌లోది? పని బాగుందని ఒప్పుకోవాల్సింది ఎవరు? ఇన్‌వాయిస్‌కి అప్రూవల్ కొట్టేది ఎవరు? నాలుగింటికీ ఒకే పేరు వస్తుందనుకుంటాం. చిన్న కంపెనీల్లో తప్ప అలా రాదు. తెచ్చింది ఇంజినీరింగ్ డైరెక్టరు, బడ్జెట్ ప్రొడక్ట్ వాళ్లది, రోజూ పని చూసేది ఒక లీడ్, బిల్లు పాస్ చేసేది ఎక్కడో బెంగళూరులో కూర్చున్న ప్రొక్యూర్‌మెంట్ ఆవిడ. మీరు మాత్రం రోజూ ఆ లీడ్‌నే మెప్పిస్తూ కూర్చుంటారు!

ఈ కాగితం అసలు విలువ ఎప్పుడు తెలుస్తుందంటే, మిమ్మల్ని తెచ్చినాయన రాజీనామా చేసిన రోజున. శుక్రవారం వీడ్కోలు మెయిల్ వస్తుంది, సోమవారానికి ఆయన సీట్లో కొత్తాయన. ఆయన దృష్టిలో మీరు పాతాయన మనిషి. పైగా ఆయనకీ తెలిసిన కన్సల్టెంట్లు ఉంటారు. అప్పుడు మీరేం చేస్తారు? ఎక్కువమంది తలొంచుకుని పని చేసుకుంటూ పోతారు, ఆయనే గుర్తిస్తాడులే అని. గుర్తించడు. ఆయన ముందు అప్పుడు ఉన్నవి ఖర్చుల పట్టిక, అందులో మీ పేరు పక్కన ఒక అంకె, అంతే.

మొదటి పదిహేను రోజుల్లోనే ఇరవై నిమిషాల సమయం అడగండి. ఒకే పేజీ పట్టుకెళ్లండి: ఏ పని ఒప్పుకున్నాను, ఎంతవరకు అయింది, ఇంకేం మిగిలింది, పీఓ (పర్చేజ్ ఆర్డర్) ఏ తేదీతో ముగుస్తుంది. పాతాయన్ని పొగడొద్దు, తిట్టొద్దు. "సర్, మీ ప్రాధాన్యాలు మారితే మిగిలిన పనిని అటు తిప్పుకోవచ్చు, మీరు చెప్పండి" అని ఆపండి. ఆయన మిమ్మల్ని వద్దనుకోవచ్చు కూడా. అనుకుంటే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది కదా? పీఓ ముగిసే ముందు రోజు తెలిస్తే ఏం చేస్తారు?

2. నోటిమాటకి ఒక మెయిల్ తోడివ్వండి

ఫోన్లో చెప్పారు, కారిడార్లో చెప్పారు, లిఫ్టులో చెప్పారు. ఎక్కడ చెప్పినా సరే, ఆ సాయంత్రం నాలుగు వాక్యాల మెయిల్ వెళ్లాలి. సారం ఇలా ఉండాలి: "ఈరోజు మనం అనుకున్నట్టు రిపోర్టుల పని ఆపి మైగ్రేషన్ మొదలుపెడుతున్నాను. రిపోర్టులు దీనివల్ల రెండు వారాలు వెనక్కి వెళ్తాయి. వేరేలా అనుకుంటే రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి."

ఇది ఎవరినో ఇరికించడానికి కాదు, ఆ వాసన కూడా రానివ్వకండి. అందుకే ఇలాంటి మెయిల్లో పైవాళ్లని సీసీలో పెట్టడం పెద్ద పొరపాటు. పెట్టిన మరుక్షణం మీరు రాసింది ఫిర్యాదులా చదువుతారు. ప్రతిసారీ, అందరికీ, ఒకే పద్ధతిలో రాస్తే మీ అలవాటుగా చూస్తారు. గొడవైనప్పుడు మాత్రమే రాస్తే ఎత్తుగడ అనుకుంటారు.

3. "మీరు బయటివారు కదా" అన్నప్పుడు జాగ్రత్త

మనల్ని బాగా పడగొట్టే మాట ఇదే. ఒక మేనేజరు తలుపు దగ్గరికి వేసి అడుగుతాడు. "మీరు బయటి నుంచి వచ్చారు, మొహమాటం అక్కర్లేదు. ఆ టీమ్ పని ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి." గౌరవంగా అడిగాడని మనం పొంగిపోతాం. కన్సల్టెంటుగా నిజం చెప్పడం మన ధర్మం అనిపిస్తుంది. చెబుతాం. మర్నాడు మీటింగులో ఆ మాటే "మన కన్సల్టెంట్ కూడా అదే అన్నారు" అని బయటికొస్తుంది. అటు టీమ్‌లో పన్నెండుమంది ఉంటారు, ఆ క్షణం నుంచి పన్నెండుమందికీ మీరు శత్రువే. ఇటు మీ మాట వాడుకున్నాయన మీ రెన్యువల్ దగ్గర నిలబడతాడా? నిలబడితే ఆశ్చర్యపోండి.

మరి నోరు మూసుకోవాలా? అక్కర్లేదు. మనుషుల గురించి అడిగితే పని గురించి చెప్పండి.

"టీమ్ గురించి నేను చెప్పలేను సర్. పోయిన రిలీజులో పేమెంట్ మాడ్యూల్లో టెస్టులు లేకుండా వెళ్లిన చోట్లు మాత్రం రాసిపెట్టాను. వాళ్లకి నిన్ననే పంపాను, అదే లిస్టు మీకూ పంపుతాను."

"వాళ్లకి నిన్ననే పంపాను" అన్న ముక్క మీకు కవచం. ఒకరికి పంపింది రెండోవారికీ ఒక్క అక్షరం మారకుండా పంపండి. అలా పంపలేని మాట ఏదైనా మీ రిపోర్టులో ఉందంటే, అది తీసేయాల్సిన మాటే.

ఇద్దరు మేనేజర్లు రెండు రకాల పనులు చెప్పి "నాది ముందు" అంటే? మీరు తీర్పు చెప్పకండి. ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్: "రెండూ ఈ వారం అవ్వవు. ఏది ముందో మీరిద్దరూ తేల్చి చెబితే అది మొదలుపెడతాను. గురువారం దాకా ఒప్పందంలో ఉన్న పని నడుస్తుంది." ఇక్కడ పొరపాటు ఏమిటంటే, ఇద్దర్నీ సంతోషపెట్టాలని రాత్రిళ్లు కూర్చుని రెండూ చేసెయ్యడం. రెండూ సగం సగం అవుతాయి, ఇద్దరూ తిడతారు, అదనపు గంటలకి బిల్లూ రాదు.

4. "మీదేవూరండీ?"

ఇది ఇంగ్లీషు మేనేజ్‌మెంటు పుస్తకాల్లో ఉండదు గానీ మనకి తప్పదు. కాఫీ కప్పుతో ఒకాయన వస్తాడు. "మీదేవూరండీ?" చెబుతారు. "ఇంటిపేరు?" చెబుతారు. "అక్కడ ఫలానా వాళ్లు మీకేమవుతారు?" ఈ మూడో ప్రశ్నతో ఆయనకు కావల్సింది దొరికిపోతుంది. డల్లస్‌లో లంచ్ టేబుల్ దగ్గరైనా ఇవే ప్రశ్నలు, ఇదే వరసలో.

అందరూ కులం కోసమే అడుగుతారని నేననను. పరాయిచోట సొంత ఊరి మాట వినాలని అడిగేవాళ్లూ ఉన్నారు. కాబట్టి మొహం మాడ్చుకోవద్దు. ఊరు సంతోషంగా చెప్పండి, అక్కడి పూతరేకులో సకినాలో ఏవుంటే వాటి సంగతీ చెప్పండి. మూడో ప్రశ్నకి మాత్రం "మా ఊళ్లో అందరూ చుట్టాలే లెండి" అని నవ్వేసి పనిలో పడండి. "మనోడే" అన్న ముద్ర మొదట్లో హాయిగానే ఉంటుంది. మీ మెయిల్‌కి జవాబు తొందరగా వస్తుంది, టీకి పిలుస్తారు. ఆ ముఠా పెద్ద ట్రాన్స్‌ఫరై వెళ్లిపోతే ముఠాలోని ఉద్యోగులకి నోటీసు పీరియడ్ ఉంది, గ్రాట్యుటీ ఉంది. మీకేముంది?

ఇంకో చిన్న సంగతి. తమిళులో హిందీవాళ్లో ఉన్న మీటింగులో మీరూ ఇంకొకాయనా తెలుగులో రెండు ముక్కలు మాట్లాడుకుంటే మీకది మామూలు. అర్థంకాని మూడోవాడికి మాత్రం "తెలుగు గ్యాంగ్". టీ దగ్గర ఎంతైనా మాట్లాడుకోండి, మీటింగులో మాత్రం వద్దు.

5. పర్మనెంటు వాళ్ల గుబులు అర్థం చేసుకోండి

"నెలకి మూడు లక్షలట, మనకన్నా డబల్!" మీ గురించి ఈ మాట ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. వినగానే మీకు ఒళ్లు మండుతుంది. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జీతంతో సెలవు లేదు, ఇన్సూరెన్సు సొంతంగా కట్టుకోవాలి, వృత్తి ఫీజులో 10 శాతం టీడీఎస్ ముందే కోసేస్తారు, పని లేని నెలలకి ఎవరూ ఇవ్వరు. అన్నీ నిజమే. అయినా ఈ లెక్క వాళ్లకి చెప్పకండి. చెప్పే కొద్దీ మీ రేటు ఎంతో వాళ్లు గట్టిగా ఊహించేస్తారు. "పనిని బట్టి మారుతుందండీ" అంటే చాలు.

వాళ్ల భయం డబ్బు గురించి కూడా కాదు. మీరు పని నేర్చేసుకుంటే తమ సీటు ఏమవుతుందోనని. అందుకే కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) ఇవ్వమంటే వాయిదాలు, యాక్సెస్ అడిగితే "టికెట్ పెట్టండి" అనడం. దీన్ని మేనేజరు దగ్గరికి మోసుకెళ్తే ఒకసారి పని జరుగుతుంది, తర్వాత అన్ని తలుపులూ మూసుకుంటాయి. దానికన్నా, ఆ మనిషి చెప్పిన ఒక్క చిన్న విషయం మీకు ఉపయోగపడినప్పుడు, నలుగురూ చదివే స్టేటస్ మెయిల్లో ఆ పేరు రాయండి: "ఈ లోపం ఎక్కడుందో పట్టించింది ఫలానా ఆవిడే, లేకపోతే నాకు వారం పట్టేది." మీకు ప్రమోషన్ లేదు, అవార్డూ లేదు, కాబట్టి ఆ మెచ్చుకోలు మీ దగ్గర దాచుకుని ఏం చేసుకుంటారు? ఆవిడకి అప్రైజల్ ఉంది, అక్కడ పనికొస్తుంది. కేటీ వాయిదాలు ఎలా తగ్గుతాయో చూడండి.

అయితే పొరపాటున కూడా ఎవరి అప్రైజల్‌కీ మీ అభిప్రాయం రాసివ్వకండి. "కాంట్రాక్టరుగా నాకది తగదండీ" అని తప్పుకోండి.

6. డబ్బు ఆగితే మొదట గుమాస్తాలా ఆలోచించండి

ఇన్‌వాయిస్ ఆగింది. ఎవరో కక్ష కట్టారని వెంటనే అనుమానం. ముందు ఈ మూడూ చూడండి: పీఓలో మొత్తం అయిపోయిందా, ఇన్‌వాయిస్ మీద పీఓ నంబరు సరిగ్గా వేశారా, అప్రూవ్ చేసే మనిషి సీటు మారాడా? ఆగిన బిల్లుల్లో చాలావాటి సంగతి ఇక్కడే తేలిపోతుంది. అన్నీ సరిగ్గా ఉండీ ఆగిందంటే, అప్పుడు అనుమానించండి.

ఆ రోజు కోసం ముందే చేసుకోవాల్సిన పని ఒకటుంది: ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదు. ఒక్కరే పనిచేసే ప్రొప్రైటరుకీ వస్తుంది, ఆన్‌లైన్లో ఉచితం. పని మొదలుపెట్టకముందే చేయించుకుని ఆ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీదా వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి కంపెనీ 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందంలో 90 రోజులని రాయించుకున్నా చట్టం ఒప్పుకునేది 45 రోజులే. గడువు గురించి రాతే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కావాలంటే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు.

కౌన్సిల్ దాకా వెళ్తే ఆ క్లయింటు మళ్లీ పిలవడు, అది తెలిసే వెళ్లండి. దానికి ముందు ఇంకో దారుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయ పన్ను నిబంధన మారింది. ఇలాంటి బిల్లుని గడువులోగా కట్టకపోతే, కట్టేదాకా కంపెనీ దాన్ని ఖర్చుగా చూపించుకోలేదు. జీఎస్టీలోనూ ఒక మెలిక ఉంది. 180 రోజులు దాటినా మీకు చెల్లించకపోతే వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఈ రెండు ముక్కలూ మీ మేనేజరుకి చెబితే బెదిరింపు అనుకుంటాడు. మర్యాదగా, మార్చి నెలకి కాస్త ముందు, ఫైనాన్సు వాళ్లకి రాయండి. వాళ్లకి మీ మీద కోపం ఉండదు, ఆడిటరంటే భయం ఉంటుంది. మీ మేనేజరు బతిమాలినా కదలని ఫైలు అలా కదిలిన సందర్భాలు ఉన్నాయి.

మీ వైపు లెక్క కూడా మర్చిపోవద్దు. సేవల మీద ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. క్లయింటు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇన్‌వాయిస్ వేసిన నెల పన్ను మీరు కట్టాల్సిందే. మూడు నెలల బిల్లులు ఆగాయంటే మూడు నెలల 18 శాతం మీ జేబులోంచి పోయినట్టే. "ఇన్‌వాయిస్ ఈ నెల వేసెయ్యండి, అప్రూవల్ తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

7. కొన్ని రాజకీయాలు కావు

"ఈ నెల నీ గంటలు పక్క ప్రాజెక్టు కోడ్ మీద వేసెయ్, మన బడ్జెట్ అయిపోయింది." ఇది రాజకీయం కాదు, తప్పుడు లెక్క. టైమ్‌షీట్ మీద సంతకం మీది. "మెయిల్లో చెప్పండి సర్, చూస్తాను" అంటే నూటికి తొంభైసార్లు మాట అక్కడితో ఆగిపోతుంది. మెయిల్లో వస్తే? అప్పుడూ వేయకండి, ఆ ప్రాజెక్టు యజమాని ఒప్పుకోలు అడగండి.

అలాగే ఆడవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పర్మనెంటు ఉద్యోగులకే అన్నది అబద్ధం. కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లకీ వర్తిస్తుంది. మీరు పనిచేసే కంపెనీ ఇంటర్నల్ కమిటీకే మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. "మీరు మా ఉద్యోగి కాదు కదా" అని హెచ్ఆర్ అంటే వెనక్కి తగ్గకండి. ఈ అధ్యాయంలో సర్దుకుపోవడం గురించి చెప్పినవేవీ దీనికి వర్తించవు.

8. వెళ్లిపోయే హక్కుని వాడుకునేలా ఉంచుకోండి

ఉద్యోగికి లేనిది మీకున్నది ఒకటే: నోటీసిచ్చి, రాజీనామా కథలేవీ లేకుండా బయటపడటం. కానీ మీ ఆదాయమంతా ఒక్క క్లయింటు దగ్గర్నుంచే వస్తుంటే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. రెండో క్లయింటుది నెలకి నాలుగు రోజుల పనైనా సరే, చేతిలో ఉంచుకోండి. ఒప్పందంలో రెండువైపులా ఒకే నోటీసు గడువు ఉందో లేదో ఇవాళే తీసి చూడండి. వాళ్లకి 7 రోజులు, మీకు 60 రోజులు అని రాసిన ఒప్పందాలు చాలా తిరుగుతున్నాయి. రెన్యువల్ అప్పుడు మార్చమని అడగాల్సిన మొదటి వాక్యం అదే, రేటు కన్నా ముందు.

వెళ్లేటప్పుడు కారణాలు చెప్పకండి. ఎగ్జిట్‌లో మనసు విప్పడం ఉద్యోగులకి హెచ్ఆర్ నేర్పిన అలవాటు, మీకక్కర్లేదు. మిగిలిన పని జాబితా, అప్పగింత పత్రం, పని అందిందని వాళ్ల మెయిల్, ఆఖరి ఇన్‌వాయిస్, ఆ తర్వాతే లాప్‌టాప్. ఎందుకంటే లాప్‌టాప్ ఇచ్చిన సాయంత్రమే వాళ్లిచ్చిన మెయిల్ ఐడీ మూతపడుతుంది, మీ రుజువులన్నీ అందులోనే ఉండిపోతాయి. క్లయింటు డేటాని సొంత మెయిల్‌కి పంపుకోవడం తప్పు, చేయొద్దు. మొదటి రోజునే క్లయింటుతో ఒక మాట అనుకోండి: ఒప్పందం, పీఓ, పని అంగీకారం, ఇన్‌వాయిస్ ఈ నాలుగింటి ఉత్తరాలూ మీ సొంత వ్యాపార ఐడీకే రావాలని. చేరిన వారంలో అడిగితే ఎవరూ కాదనరు. గొడవ మొదలయ్యాక అడిగితే, ఎందుకని మీటింగు పెడతారు.